గవర్నమెంట్ వెబ్‌సైట్‌ని ఒకసారి కళ్లు మూసుకుని వాడి చూడండి: యాక్సెసబిలిటీ అసలు ఎలా పనిచేస్తుంది?

ఫోన్ రివ్యూ చదివేటప్పుడు మనం ముందు ప్రాసెసర్ చూస్తాం, తర్వాత కెమెరా, బ్యాటరీ, చివర్లో ధర. సెట్టింగ్స్‌లో యాక్సెసబిలిటీ అని ఒక మెనూ ఉంటుంది కదా, దాని గురించి ఏ రివ్యూలోనూ రెండు లైన్లకు మించి కనపడదు. ఈ ఆర్టికల్ ఆ మెనూ వాడేవాళ్ల గురించి. వాళ్లు ఒక గవర్నమెంట్ వెబ్‌సైట్ ఓపెన్ చేస్తే ఏమవుతుంది, ఆ సైట్‌ని వాళ్లు సొంతంగా వాడుకోవాలంటే కోడ్‌లో ఏం మార్చాలి, ఇవి చూద్దాం.

నేను హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో ఫ్రంట్ ఎండ్ డెవలపర్‌ని. పోయిన ఏడాది మా టీమ్‌కి ఒక ప్రభుత్వ శాఖ వెబ్‌సైట్‌ని యాక్సెసబుల్‌గా మార్చే పని వచ్చింది. శాఖ పేరు ఇక్కడ చెప్పను, అవసరం కూడా లేదు, ఎందుకంటే ఈ సమస్యలు చాలా సైట్లలో దాదాపు ఒకేలా ఉంటాయి. ఆ సైట్‌లో ముఖ్యమైన పేజీ ఒక్కటే: ఆర్థిక సాయం కోసం అప్లై చేసుకునే ఫామ్. అప్లై చేసేవాళ్లలో చాలామంది దివ్యాంగులే. అయినా ఆ ఫామ్‌ని చూపు లేని మనిషి ఒక్కడే కూర్చుని పూర్తి చేసే పరిస్థితి లేదు.

పైన "సొంతంగా" అన్నాను, ఆ మాట ఊరికే వాడలేదు. ఫామ్ పనిచేయలేదని ఎవరూ అప్లై చేయడం మానేయరు. ఇంటర్నెట్ సెంటర్‌కి వెళ్తారు. అక్కడ ముక్కూమొహం తెలియని అబ్బాయికి ఆధార్ నంబర్, బ్యాంక్ పాస్‌బుక్, ఫోన్‌కి వచ్చిన ఓటీపీ అన్నీ ఇచ్చేస్తారు. "ఓటీపీ ఎవరికీ చెప్పకండి" అని మనకి రోజూ మెసేజ్‌లు వస్తుంటాయి. ఆ సలహా పాటించే అవకాశం కూడా ఆ సైట్ వాళ్లకి ఇవ్వట్లేదన్నమాట.

ముందు మీ ఫోన్‌లో ఒక చిన్న ప్రయోగం

ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్, యాక్సెసబిలిటీ, టాక్‌బ్యాక్. కొన్ని బ్రాండ్లలో ఇది ఇంకో మెనూ లోపల ఉంటుంది, సెర్చ్‌లో టాక్‌బ్యాక్ అని కొడితే వచ్చేస్తుంది. ఆన్ చేసే ముందు అక్కడే వాల్యూమ్ కీస్ షార్ట్‌కట్ ఆన్ చేసుకోండి. రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి మూడు సెకన్లు నొక్కితే టాక్‌బ్యాక్ ఆఫ్ అయిపోతుంది. ఇది చేసుకోకుండా ఆన్ చేసి, ఫోన్ పాడైపోయిందని కంగారుపడి సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తిన ఫ్రెండ్ నాకు ఒకడున్నాడు. ఐఫోన్‌లో దీని పేరు వాయిస్‌ఓవర్.

ఆన్ అయ్యాక అన్నీ మారిపోతాయి. ఒకసారి టచ్ చేస్తే ఆ ఐటమ్ ఏంటో చదువుతుంది, ఓపెన్ అవ్వదు. ఓపెన్ అవ్వాలంటే రెండుసార్లు తట్టాలి. వేలితో కుడివైపుకి జరిపితే తర్వాతి ఐటమ్‌కి వెళ్తుంది. స్క్రోల్ చేయాలంటే రెండు వేళ్లు కావాలి.

ఇప్పుడు మీ జిల్లాదో, ఏదైనా శాఖదో ఒక సైట్ ఓపెన్ చేసి కళ్లు మూసుకోండి. ఏదైనా ఒక అప్లికేషన్ ఫామ్ వెతికి పట్టుకోండి చూద్దాం. మంచి సైట్ అయితే "మెనూ, బటన్", "కొత్త దరఖాస్తు, లింక్" అని వినిపిస్తుంది. చాలాచోట్ల మాత్రం "అన్‌లేబుల్డ్, బటన్" అని వస్తుంది, లేదా ఏదో ఫొటో ఫైల్ పేరు అంకెలతో సహా చదువుకుంటూ పోతుంది. ఐదు నిమిషాలు ఓపిక పట్టినా చాలు, మిగతా ఆర్టికల్ చాలా తేలిగ్గా అర్థమవుతుంది.

స్క్రీన్ రీడర్ మీ స్క్రీన్‌ని చూడదు

మనలో చాలామంది డెవలపర్లకి కూడా ఉండే అపోహ ఇది. స్క్రీన్ రీడర్ అంటే స్క్రీన్ మీద కనపడేది కెమెరాలా చూసి చదువుతుందని అనుకుంటారు. కాదు. బ్రౌజర్ మీ హెచ్‌టీఎంఎల్ చదివేటప్పుడు, కళ్లకి కనపడే పేజీతో పాటు ఇంకో నిర్మాణం కూడా తయారు చేస్తుంది. దాన్ని యాక్సెసబిలిటీ ట్రీ అంటారు. అందులో రంగులు, నీడలు, యానిమేషన్లు ఉండవు. ప్రతి ఐటమ్‌కీ ముఖ్యంగా మూడు విషయాలు ఉంటాయి: ఇది ఏంటి (బటనా, లింకా, హెడ్డింగా), దీని పేరేంటి, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది (టిక్ పెట్టి ఉందా, తెరిచి ఉందా). స్క్రీన్ రీడర్ ఈ ట్రీని చదువుతుంది.

ఒక ఉదాహరణ చెప్తాను. మేము చేతిలోకి తీసుకున్న సైట్‌లో "సమర్పించు" బటన్ నిజానికి బటన్ కాదు. ఒక డివ్. దానికి సీఎస్‌ఎస్‌తో నీలం రంగు వేసి, మూలలు గుండ్రంగా చేసి, క్లిక్ అయితే జావాస్క్రిప్ట్ నడిచేలా పెట్టారు. కంటికి అచ్చం బటనే. ట్రీలో మాత్రం అది ఉత్త టెక్స్ట్. కీబోర్డ్‌లో ట్యాబ్ కీ నొక్కుతూ పోతే అక్కడ ఆగదు, ఎంటర్ కొడితే ఏమీ జరగదు. చేతులు వణికే జబ్బు ఉండి మౌస్ పట్టుకోలేని మనిషికి, చూపు బాగానే ఉన్నా, ఆ ఫామ్ అక్కడితో ఆగిపోయినట్టే. ఆ డివ్ తీసేసి అసలైన బటన్ ట్యాగ్ పెడితే ఫోకస్, ఎంటర్, స్పేస్, పేరు అన్నీ ఫ్రీగా వచ్చేస్తాయి. పావుగంట పని.

డివ్‌కే ఆరియా రోల్ తగిలించి నెట్టుకొచ్చేవాళ్లు ఉంటారు. ఆరియా అనేది ట్రీలో సమాచారం చేర్చడానికి ఇచ్చిన ప్రత్యేక ఆట్రిబ్యూట్ల సెట్. కానీ ఆరియా డాక్యుమెంటేషన్‌లో చెప్పే మొదటి రూలే, మామూలు హెచ్‌టీఎంఎల్‌తో పని అయితే ఆరియా వాడొద్దని. రోల్ పెట్టినంత మాత్రాన కీబోర్డ్ పనిచేయదు. అది మళ్లీ మీరే రాసుకోవాలి.

రూల్స్ లేవా అంటే, ఉన్నాయి

చాలానే ఉన్నాయి. ప్రపంచమంతా వాడేది డబ్ల్యూసీఏజీ, అంటే వెబ్ కంటెంట్ యాక్సెసబిలిటీ గైడ్‌లైన్స్. 2.0 వెర్షన్ 2008లో, 2.1 2018లో, 2.2 2023లో వచ్చాయి. మన దేశంలో ప్రభుత్వ సైట్లకి జీఐజీడబ్ల్యూ అనే గైడ్‌లైన్స్ 2009 నుంచే ఉన్నాయి. 2023లో వచ్చిన 3.0 వెర్షన్, డబ్ల్యూసీఏజీ 2.1లో డబుల్ ఏ స్థాయిని అందుకోవాలని చెప్తుంది. వీటికి తోడు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది.

మరి 2009 నుంచి రూల్స్ ఉంటే సైట్లు ఇలా ఎందుకున్నాయి? ఒక కారణం, చాలాకాలం అవి సలహాల్లాగే నడిచాయి. చూపు లేని రాజీవ్ రతూరి అనే ఆయన 2005లో సుప్రీంకోర్టులో వేసిన కేసులో 2024 నవంబర్ 8న తీర్పు వచ్చింది. చట్టం తప్పనిసరి అంటుంటే, దాని కింద ఉన్న రూల్ మాత్రం గైడ్‌లైన్స్‌ని సిఫారసుల స్థాయికి దించేసిందని, అది చెల్లదని, తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలు తయారు చేయమని కోర్టు కేంద్రానికి చెప్పింది. ఆ కేసులో కోర్టు కోరితే దేశంలో పరిస్థితి మీద రిపోర్ట్ తయారు చేసింది మన హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీ వాళ్లే.

తర్వాత 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసు. ఆమె యాసిడ్ దాడి బాధితురాలు. బ్యాంక్ అకౌంట్ కోసం వీడియో కేవైసీ చేస్తుంటే, మనిషి నిజంగా కెమెరా ముందు ఉన్నారని నిరూపించడానికి కళ్లు ఆర్పమన్నారు. ఆమె కళ్లు ఆర్పలేరు. కోర్టు ఇచ్చిన తీర్పులో డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమే అని చెప్పింది. కళ్లు ఆర్పడం ఒక్కటే కాకుండా వేరే పద్ధతులు కూడా ఉండాలని ఆదేశించింది. ఫేస్ అన్‌లాక్ ఎంత ఫాస్ట్ అని మనం రివ్యూల్లో మిల్లీసెకన్లు కొలుస్తుంటాం కదా, ఆ టెక్నాలజీకి ఇంకో వైపు ఇది.

పైన ఉండే "ఏ ప్లస్, ఏ మైనస్" సంగతి

మొదటి మీటింగ్‌లో శాఖ ఆఫీసర్ గారు అడిగింది ఒకటే: "పైన ఆ టూల్‌బార్ పెట్టేస్తే సరిపోతుంది కదా?" మీరు చూసే ఉంటారు, ప్రభుత్వ సైట్లలో పైన కుడివైపు అక్షరాలు పెద్దవి చేసే బటన్లు, నల్ల బ్యాక్‌గ్రౌండ్‌కి మార్చే బటన్. కొన్ని సైట్లలో కింద మూలన వీల్‌చైర్ బొమ్మ ఉన్న నీలం గుండ్రం కూడా ఉంటుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను: అవి ఎక్కువగా చూపించుకోవడానికే. చూపు లేనివాళ్లు సైట్ దాకా వచ్చేసరికే వాళ్ల స్క్రీన్ రీడర్ ఆన్ అయి ఉంటుంది. సైట్‌లో మళ్లీ ఇంకో "చదివి వినిపించు" బటన్ నొక్కితే రెండు గొంతులు కలిసి గోల అవుతుంది. అక్షరాలు పెద్దవి కావాలంటే బ్రౌజర్‌లోనే జూమ్ ఉంది. కానీ అదే సైట్ మొబైల్ కోడ్‌లో జూమ్ చేయనివ్వకుండా లాక్ పెట్టి ఉంటుంది. వ్యూపోర్ట్ లైన్‌లో ఒక్క ఆట్రిబ్యూట్. పైన టూల్‌బార్ పెట్టి కింద జూమ్ లాక్ చేయడం, గుమ్మానికి తోరణం కట్టి తలుపుకి తాళం వేయడం లాంటిది. మేము చేసిన మొదటి కమిట్ ఆ లైన్ తీసేయడమే.

రెండోది రంగులు. డబుల్ ఏ స్థాయికి మామూలు సైజు అక్షరాలకి, బ్యాక్‌గ్రౌండ్‌కి మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద డిజైనర్లకి బాగా ఇష్టమైన లేత బూడిద రంగు #999999 పెడితే వచ్చేది 2.85 మాత్రమే. అదే #767676 పెడితే 4.54, పాస్. మీ కంటికి ఆ రెండిటి తేడా పెద్దగా తెలియకపోవచ్చు. ఎండలో బస్టాప్‌లో నిలబడి తక్కువ బ్రైట్‌నెస్ ఫోన్‌లో చదివితే అప్పుడు తెలుస్తుంది. కంటిలో శుక్లం ఉన్న పెద్దాయనకి ఇంట్లోనే తెలుస్తుంది.

ఇక మన సైట్ల ట్రేడ్ మార్క్: పక్కకి పరిగెత్తే స్క్రోలింగ్ వార్తలు, వాటి పక్కన మిణుకుమిణుకుమనే "న్యూ" బొమ్మ. తనంతట తానే మొదలై ఐదు సెకన్లకి మించి కదిలేది ఏదైనా, ఆపడానికి ఒక మార్గం ఉండాలనేది రూల్. నెమ్మదిగా చదివేవాళ్లు, ఏకాగ్రత కుదరనివాళ్లు ఆ వార్త పట్టుకునేలోపు అది వెళ్లిపోతుంది. మేము మొత్తం తీసేద్దామన్నాం. శాఖ వాళ్లు వద్దన్నారు. చివరికి పాజ్ బటన్‌తో ఒప్పందం కుదిరింది.

ఫామ్ దగ్గరే అసలు పరీక్ష

అదే మీటింగ్‌లో ఇంకో ప్రశ్న వచ్చింది. "అసలు చూపు లేనివాళ్లు మన సైట్ ఎంతమంది వాడుతున్నారు? లాగ్స్‌లో చూపించండి." మా టీమ్ లీడ్ మేడమ్ ఇచ్చిన జవాబు నాకు బాగా నచ్చింది: "సార్, ఎవరు స్క్రీన్ రీడర్ వాడుతున్నారో సర్వర్ లాగ్స్‌లో తెలియదు. తెలిసినా, వాడలేని సైట్‌లో వాళ్లు ఉండరు కదా సార్."

అందుకే మేము లెక్కలు పక్కనపెట్టి ఒక టెస్టర్‌ని పిలిచాం. డిగ్రీ చదువుతున్న కుర్రాడు, పుట్టుకతోనే చూపు లేదు. తన ల్యాప్‌టాప్ తనే తెచ్చుకున్నాడు, అందులో ఎన్‌వీడీఏ ఉంది. ఇది విండోస్‌కి ఫ్రీగా దొరికే ఓపెన్ సోర్స్ స్క్రీన్ రీడర్, 2006లో ఆస్ట్రేలియాలో మొదలైంది. దాని స్పీడ్ ఎంత పెట్టాడంటే, మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. క్రికెట్ కామెంటరీని నాలుగింతల స్పీడ్‌లో విన్నట్టు ఉంది. పేజీ తెరవగానే హెచ్ కీ కొట్టాడు. హెచ్ కొడితే తర్వాతి హెడ్డింగ్‌కి, బి కొడితే బటన్‌కి, ఎఫ్ కొడితే ఫామ్ ఫీల్డ్‌కి దూకొచ్చు. మనం పేజీని కళ్లతో పైపైన జల్లెడ పట్టినట్టే, వాళ్లు ఈ కీలతో పడతారు. ఆ పేజీలో హెడ్డింగ్ అనేదే లేదు. పెద్ద బోల్డ్ అక్షరాలు ఉన్నాయి గానీ హెడ్డింగ్ ట్యాగ్ ఎక్కడా లేదు.

తర్వాత ఫీల్డ్స్. "ఎడిట్... ఎడిట్... ఎడిట్..." అని మాత్రమే వస్తోంది. "అన్నా, అన్నీ ఎడిట్ ఎడిట్ అంటుంది గానీ, ఏడ ఏం రాయాల్నో చెప్తలేదు" అన్నాడు. పేరు, తండ్రి పేరు, ఊరు అన్న లేబుల్స్ స్క్రీన్ మీద పక్కనే ఉన్నాయి. కానీ ఏ లేబుల్ ఏ బాక్స్‌దో కోడ్‌లో కలపలేదు. లేబుల్ ట్యాగ్‌లో ఆ బాక్స్ ఐడీ రాస్తే అయిపోయే పని.

ఆధార్ నంబర్‌కి నాలుగు అంకెల బాక్సులు మూడు పెట్టారు. నాలుగు అంకెలు నిండగానే కర్సర్ దానంతటదే పక్క బాక్స్‌లోకి దూకుతుంది. చూసేవాళ్లకి స్టైల్‌గా ఉంటుంది. వినేవాళ్లకి మాత్రం తాను ఎక్కడున్నాడో తెలియదు, తప్పు టైప్ చేస్తే వెనక్కి వెళ్లడం నరకం. మేము ఒకటే పొడుగు బాక్స్ పెట్టాం. స్పేస్‌లతో కొట్టినా, లేకుండా కొట్టినా తీసుకుంటుంది.

పుట్టిన తేదీకి క్యాలెండర్ వస్తుంది, దాన్ని మౌస్‌తోనే నొక్కాలి, చేత్తో టైప్ చేయనివ్వదు. 1968లో పుట్టిన మనిషి నెల నెలా వెనక్కి బాణం నొక్కుకుంటూ వెళ్లాలన్నమాట! బ్రిటన్ ప్రభుత్వ సైట్ల డిజైన్ సిస్టమ్‌లో ఇలాంటి గుర్తుండే తేదీలకి రోజు, నెల, సంవత్సరం అని మూడు మామూలు టెక్స్ట్ బాక్సులు వాడమంటారు. మేము అదే కాపీ కొట్టాం, సిగ్గేం లేదు. అందరికీ అదే స్పీడ్‌గా ఉంది.

కుర్రాడు ఆ రోజు ఓపిగ్గా నలభై నిమిషాలు కూర్చున్నాడు. ఊహించుకుంటూ, ఒక్కో బాక్స్‌లో ఏదో ఒకటి కొట్టి చూసుకుంటూ కిందిదాకా వచ్చాడు. సమర్పించు దగ్గర ఏదో తప్పు జరిగింది. బాక్స్ చుట్టూ ఎర్ర గీత వచ్చింది, అంతే. స్క్రీన్ రీడర్ ఏమీ పలకలేదు. తప్పు ఎక్కడో తెలియాలంటే ఎర్ర రంగు కనపడాలి. రంగులు సరిగా గుర్తుపట్టలేని మగవాళ్లు కూడా మన చుట్టూ చాలామందే ఉంటారు, వాళ్లకీ ఇదే ఇబ్బంది. ఇప్పుడు ఎర్రర్ వస్తే ఫామ్ పైన "రెండు తప్పులున్నాయి" అని హెడ్డింగ్‌తో ఒక పెట్టె వస్తుంది, ఫోకస్ నేరుగా అక్కడికే వెళ్తుంది, ఒక్కో తప్పు మీద నొక్కితే ఆ బాక్స్ దగ్గరికి తీసుకెళ్తుంది. "చెల్లని ఎంట్రీ" అని కాకుండా "మొబైల్ నంబర్‌లో 10 అంకెలు ఉండాలి, మీరు 9 కొట్టారు" అని రాశాం.

ఆ తర్వాత క్యాప్చా. వంకర టింకర అక్షరాల ఫొటో. అక్కడ ఆగిపోయాడు. ఆఫీసర్ గారు పక్కనే కూర్చుని చూస్తున్నారు. "మరి ఇప్పటిదాకా ఎట్లా అప్లై చేసినవ్?" అని అడిగారు. "నెట్ సెంటర్‌ల చేయించిన సార్. ఫోన్ ఆయన చేతికే ఇచ్చిన, ఓటీపీ ఆయనే చూసుకున్నడు." ఆ తర్వాత టూల్‌బార్ మాట మళ్లీ ఎత్తలేదు ఆయన.

క్యాప్చా మీద మాత్రం వారం రోజులు గొడవ నడిచింది. బాట్లని ఆపాలి, నిజమే. కానీ ఆ ఫామ్‌కి ఎలాగూ మొబైల్ ఓటీపీ ఉంది. ఒకే నంబర్ నుంచి, ఒకే అడ్రస్ నుంచి ఎన్ని రిక్వెస్టులు రావచ్చో సర్వర్‌లో లిమిట్ పెడితే క్యాప్చా అక్కర్లేదని చూపించాం, ఫామ్ పేజీలో తీసేశారు. లాగిన్ పేజీలో సెక్యూరిటీ ఆడిట్ వాళ్లు ఒప్పుకోలేదు. అక్కడ తెలుగులో అంకెలు చదివే ఆడియో క్యాప్చా కూడా పెట్టాం. చూపు, వినికిడి రెండూ లేనివాళ్లకి అదీ పనికిరాదు. ఆ సమస్య ఇప్పటికీ అలాగే ఉంది.

ఓటీపీ టైమర్ కూడా పెంచాం. స్క్రీన్ రీడర్‌తో మెసేజ్ విని, అంకెలు గుర్తుపెట్టుకుని, మళ్లీ బ్రౌజర్‌లోకి వచ్చి కొట్టడానికి టైమ్ పడుతుంది. సెషన్ అయిపోయే ముందు హెచ్చరిక ఇచ్చి, ఒక్క కీ నొక్కితే టైమ్ పెరిగేలా చేయాలి. నింపిన వివరాలు పోకూడదు.

రెండు నెలల తర్వాత అదే కుర్రాడు కొత్త ఫామ్ 11 నిమిషాల్లో పూర్తి చేశాడు. ఓటీపీ కూడా తనే విని, తనే కొట్టాడు. అయ్యాక "గీ ఊరు లిస్ట్‌ల అక్షరం కొడితే దూకుతలేదన్నా" అని ఇంకో బగ్ రాయించి వెళ్లాడు.

తెలుగు పేజీలకి ఉన్న ప్రత్యేకమైన తలనొప్పి

ఇంగ్లిష్ ట్యుటోరియల్స్‌లో ఇది దొరకదు, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

మొదటిది లాంగ్ ఆట్రిబ్యూట్. పేజీ మొదట్లో హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌లోనే ఇది ఏ భాషో చెప్పాలి. తెలుగు పేజీలో కూడా టెంప్లేట్ నుంచి వచ్చిన ఇంగ్లిష్ కోడే ఉండిపోతుంది. అప్పుడు స్క్రీన్ రీడర్ తెలుగు అక్షరాలని ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి, వదిలేయడమో, వింతగా పలకడమో చేస్తుంది. తెలుగుకి "టీఈ" అనే రెండక్షరాల కోడ్ పెడితే, ఫోన్‌లో తెలుగు వాయిస్ ఉంటే దానికి మారే అవకాశం ఉంటుంది. తెలుగు పేజీ మధ్యలో ఇంగ్లిష్ పేరా ఉంటే ఆ ముక్కకి వేరే కోడ్ ఇవ్వాలి.

రెండోది అసలు పెద్దది: పాత ఫాంట్లు. యూనికోడ్ రాకముందు తెలుగు డీటీపీ అంతా అను లాంటి ఫాంట్లతో నడిచింది, ఇప్పటికీ చాలా ఆఫీసుల్లో, ప్రెస్సుల్లో నడుస్తోంది. ఆ ఫాంట్లలో జరిగేది ఏంటంటే, ఫైల్ లోపల ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే. వాటి మీద తెలుగు ఆకారాలు అతికించారు. కంటికి చక్కటి తెలుగు. కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి, పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు వస్తాయి. స్క్రీన్ రీడర్ చదివేది కూడా అదే పిచ్చి. గూగుల్ సెర్చ్‌కి దొరకనిదీ అందుకే. ఇలాంటి పీడీఎఫ్‌లు మా శాఖ సైట్‌లో వందల్లో ఉన్నాయి. ఇంకొన్ని అయితే జీవో ప్రింట్ తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి ఎక్కించినవి. వాటిలో అక్షరాలే లేవు, ఒక పేజీ ఫొటో అంతే.

ఫాంట్ కన్వర్టర్లు ఉన్నాయి, పని చేస్తాయి. కానీ ఒత్తులు, అంకెలు తారుమారవుతాయి, మనిషి కూర్చుని సరిచూడాలి. సాయం మొత్తం ఎంతో చెప్పే జీవోలో ఒక అంకె తప్పుగా పడితే దానికి ఎవరు బాధ్యులు? అందుకే పాతవన్నీ మార్చడానికి శాఖ ఒప్పుకోలేదు, ఆ భయంలో న్యాయం ఉంది. జనం ఎక్కువగా తెరిచే కొన్నింటిని మాత్రం పీడీఎఫ్ కాకుండా మామూలు వెబ్ పేజీలుగా మళ్లీ టైప్ చేశాం. ఫోన్‌లో వేళ్లతో జూమ్ చేసుకుంటూ జీవో చదివిన ప్రతి ఒక్కరికీ దీని సుఖం తెలుస్తుంది.

భాష కూడా మార్చాం. "అర్హతా ప్రమాణములు" అన్నచోట "ఎవరు అప్లై చేయొచ్చు" అని రాశాం. ఒక సీనియర్ అధికారి ఇది ప్రభుత్వ భాషలా లేదన్నారు. మానసిక ఎదుగుదల తక్కువ ఉన్న పిల్లల తల్లిదండ్రులకి, చదువు మధ్యలో ఆపేసినవాళ్లకి అర్థమైతే చాలని మేడమ్ వాదించారు. చివరికి రెండూ ఉంచారు, పైన సులువు మాట, కింద బ్రాకెట్లో ఆఫీసు మాట.

వినపడనివాళ్ల కోసం చేసినవి చిన్నవే. హెల్ప్ వీడియోలకి తెలుగు క్యాప్షన్లు, హెల్ప్‌లైన్‌కి ఫోన్ నంబర్ పక్కన ఎస్ఎంఎస్, ఈమెయిల్. ఫోన్ నంబర్ ఒక్కటే ఇస్తే వినపడని మనిషి ఏం చేయాలో ఎవరూ ఆలోచించినట్టు లేదు.

టూల్స్ ఎంతవరకు నమ్మొచ్చు

క్రోమ్‌లో ఉన్న లైట్‌హౌస్, యాక్స్, వేవ్ లాంటి ఫ్రీ టూల్స్ ముందు నడపండి. కాంట్రాస్ట్, లేబుల్ లేని బాక్సులు, ఆల్ట్ టెక్స్ట్ లేని ఫొటోలు క్షణాల్లో పట్టేస్తాయి. ఇది ఒక్క ప్రభుత్వ సైట్ల రోగం కాదు కూడా. వెబ్ఎయిమ్ అనే సంస్థ ఏటా పది లక్షల హోమ్ పేజీలని ఇలాగే టూల్‌తో పరీక్షిస్తుంది, 2025లో 94.8 శాతం పేజీల్లో తప్పులు దొరికాయి. అయితే ఫొటోకి ఆల్ట్ టెక్స్ట్ ఉందో లేదో టూల్ చెప్తుంది, అది సరైనదో కాదో చెప్పదు. జిల్లా మ్యాప్‌కి "ఫొటో 1" అని రాసినా పాస్ చేసేస్తుంది. లైట్‌హౌస్‌లో 100 వచ్చిందని స్క్రీన్‌షాట్ పెట్టేసి చేతులు దులుపుకున్న ప్రాజెక్టులు నేను చూశాను. మౌస్ పక్కన పడేసి ట్యాబ్ కీతో ఒక్కసారి ఫామ్ మొత్తం నింపితే, ఆ 100 కంటే ఎక్కువ విషయాలు తెలుస్తాయి. ఆ తర్వాత నిజంగా స్క్రీన్ రీడర్ మీద బతికే మనిషిని, డబ్బులిచ్చి, పిలవాలి. మా కుర్రాడికి ఇచ్చింది మా బడ్జెట్‌లో అతి చిన్న లైన్, పట్టింది అతి పెద్ద బగ్స్.

మీకు ఇలాంటి సైట్ తగిలితే

డెవలపర్ కాకపోయినా మీరు చేయగలిగింది ఒకటుంది: ఫిర్యాదు. కేంద్రం 2021లో తెచ్చిన సుగమ్య భారత్ యాప్‌లో ఇలాంటి ఇబ్బందుల మీద కంప్లయింట్ ఇవ్వొచ్చు. రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి రాయొచ్చు. సైట్ కింద ఉండే వెబ్ ఇన్ఫర్మేషన్ మేనేజర్ ఈమెయిల్‌కి పంపొచ్చు.

"మీ సైట్ బాలేదు" అని రాస్తే మాత్రం అది ఎవరి టేబుల్ మీదా ఆగదు. పేజీ లింక్, ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, ఏ బ్రౌజర్, టాక్‌బ్యాకా ఎన్‌వీడీఏనా, ఫామ్‌లో ఎన్నో స్టెప్‌లో ఆగారు, అక్కడ ఏం వినిపించింది, అసలు ఏం వినిపించాలి అనేవి రాయండి. వీలైతే స్క్రీన్ రికార్డింగ్ సౌండ్‌తో సహా పెట్టండి, ఆధార్, ఓటీపీ కనపడకుండా చూసుకోండి. అలా వచ్చిన కంప్లయింట్ నేరుగా నాలాంటి డెవలపర్ టికెట్ లిస్ట్‌లోకి వచ్చి పడుతుంది.